పైకప్పు లేని డాన్సు హాలు

చెవికన్నా ముందు ఛాతీకి తెలిసింది. కారు ఇంకా రెండు వీధుల అవతలే ఉంది, అద్దాలన్నీ మూసే ఉన్నాయి. అయినా గుండెల మీద ఎవరో దిండుతో మోదుతున్నట్టు ఒకటే దరువు. డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వాడు. వచ్చేశామన్నమాట!

బుధవారం రాత్రి తొమ్మిదిన్నర. హైదరాబాద్‌లో అప్పటికే గురువారం ఉదయం ఎనిమిదై, మా ఇంట్లో టిఫిన్లు అవుతుంటాయి. నేనేమో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో, ఓ గోడల మధ్య ఖాళీ స్థలం ముందు నిలబడి ఉన్నాను. దాన్నే డాన్సు హాలంటారు. పేరుకే హాలు, పైన కప్పుండదు. ఓ పక్క బీరువాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చిన స్పీకర్లు, మూల ఓ చిన్న బల్ల, దానిమీద పాటలు వేసే యంత్రాలు. మిగతాదంతా నేలా, ఆకాశమే.

జమైకా అనగానే మనకు గుర్తొచ్చేది సబీనా పార్కు మైదానం, కోర్ట్నీ వాల్ష్, క్రిస్ గేల్, ఉసేన్ బోల్ట్. పాటలంటారా, బాబ్ మార్లే. నాకూ అంతే తెలుసు. ఇక్కడికి రప్పించింది మాత్రం న్యూయార్క్‌లో చూసిన ఓ అపార్టుమెంటు. బ్రాంక్స్‌లో, హైవే పక్కన, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. చూడ్డానికి ఏ ప్రత్యేకతా లేని భవనం. 1973 ఆగస్టు 11న అందులోని కింది హాల్లో ఓ అమ్మాయి, స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలని పార్టీ పెట్టింది. టికెట్ ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50. పాటలు వేసింది వాళ్లన్నయ్య. లోకమంతా హిప్ హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది ఆ రాత్రినే. ఆ అన్నయ్య పేరు కూల్ హెర్క్. పుట్టింది కింగ్‌స్టన్‌లో. 1967లో, పన్నెండేళ్ల వయసులో అమెరికా వెళ్లాడు. పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టడం, పాట మధ్యలో మైకు పట్టుకుని జనాన్ని ఉత్సాహపరచడం... ఇవన్నీ చిన్నప్పుడు ఇక్కడి వీధుల్లో కనిపించిన సంగతులే. కొడుకును అక్కడ చూశాక తల్లిని చూడకుండా ఎలా? న్యూయార్క్ నుంచి నాలుగు గంటల విమాన ప్రయాణం. రెండు పక్కలా సముద్రం ఉన్న సన్నటి నేలపట్టీ మీద దిగుతుంది విమానం. ఊరికి వెనక నీలిరంగు కొండలు.

1950ల్లో ఇక్కడి పేదలకు హోటళ్లలో బ్యాండు సంగీతం వినే స్థోమత ఎక్కడిది? అందుకే సౌండ్ సిస్టమ్ పుట్టింది. మన ఊళ్లో పెళ్లికో, వినాయక చవితికో కట్టే మైక్‌సెట్ అనుకోండి, కాకపోతే దానికి అన్నయ్య! తొలిరోజుల్లో పేరు మోగిన సెట్లలో ఒకటి టామ్ వాంగ్ అనే చైనా సంతతి వ్యాపారిది. ఆయనది ఇనుప సామాన్ల దుకాణం. ఇంకొకాయన, డ్యూక్ రీడ్, ఒకప్పటి పోలీసు, తరవాత మద్యం దుకాణం యజమాని. వీళ్ల మధ్య పోటీ ఎంతంటే, అమెరికా నుంచి తెచ్చిన రికార్డు పేరేమిటో పక్కవాడికి తెలియకూడదని పైన అంటించిన కాగితాన్ని గీకేసేవారట!

లోపలికి వెళ్లేసరికి అమెరికా హిప్ హాప్ నడుస్తోంది. జనం గోడలకు ఆనుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. అది ఇక్కడి పద్ధతి. ముందు అమెరికా పాటలు, జనం చిక్కబడ్డాక డాన్సు హాలు పాటలు. పాటలు వేసేవాణ్ని ఇక్కడ సెలెక్టర్ అంటారు. డీజే అంటే మైకు పట్టుకుని లయలో మాటలు గుప్పించేవాడు. న్యూయార్క్‌కు వెళ్లేసరికి ఈ పేర్లు తారుమారయ్యాయి, అక్కడ పాటలు వేసేవాడే డీజే. నాకిది ఒంటబట్టడానికి ఓ పూట పట్టింది.

పదిన్నరకు దరువు మారింది. సెలెక్టర్ ఓ పాట మొదలుపెట్టాడో లేదో, జనం చేతులెత్తి కేకలేశారు. అంతే, పాటను గిర్రున వెనక్కి తిప్పేశాడు. మళ్లీ మొదటినుంచి! మన సినిమా హాళ్లలో ‘వన్స్‌మోర్’ లాగే. అలా ఒకే పాట మూడుసార్లు. ఇంతలో భుజాన కెమెరా, దానిమీద కళ్లు చెదిరే దీపంతో ఒకాయన వచ్చాడు. ఆ వెలుగు ఎటు తిరిగితే డాన్సర్లు అటు. కొత్త అడుగు ఎవరు వేశారన్నది రేపటికి ఊరంతా తెలియాలి మరి. పేరున్న డాన్సరైతే పాటల్లోకే ఎక్కుతాడు. బోగిల్ అనే డాన్సరు అలాగే ఎక్కాడు. 2005లో కాల్చి చంపారతణ్ని.

ఏమాటకామాటే చెప్పాలి. ఆ పాటల్లో సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగంలో కొన్ని ఇంటిల్లిపాదీ చదివే ఈ పేజీలో రాయలేను. తుపాకుల గొప్పలు ఎక్కువ. 2022లో అక్కడి ప్రసార నియంత్రణ సంస్థ, నేరాలను పొగిడే పాటలను రేడియో, టీవీల్లో వేయొద్దంది కూడా. 2003 నుంచి బుధవారం రాత్రుల్లో టివోలీ గార్డెన్స్ దగ్గర పాసా పాసా అనే వీధి డాన్సు జరిగేది. విదేశాల నుంచి కూడా వచ్చేవారు. 2010లో ఓ నేరముఠా నాయకుడి కోసం సైన్యం ఆ పేటలోకి దిగింది, సుమారు 70 మంది చనిపోయారు. ఆ డాన్సూ ఆగిపోయింది.

గేటు పక్కన మూతపెట్టిన ఓ పెద్ద గిన్నె చుట్టూ జనం. వాసన పరిచయమైనదే. మేకమాంసం కూర, మసాలాతో! ఇక్కడ ఏ వేడుకైనా అది ఉండాల్సిందే. కూర ఎలా వచ్చిందంటారా? 1845 మే 10న బ్లండెల్ అనే ఓడ మనవాళ్లను చెరకు తోటల పనికి ఇక్కడ దించింది. ఆ తరవాత ఏడు దశాబ్దాల్లో సుమారు 36 వేల మంది వచ్చారు. వడ్డిస్తున్న పెద్దావిడ నన్ను చూసి, తన తాత తల్లి కూడా మీ దేశందేనంది. ఏ ఊరో తెలియదట. అలాంటి వాళ్లను ఇక్కడ పిలిచే మాట ఒకటుంది... కూలీ. మనకు పొలంపని మాటే, ఇక్కడ చాలామందికి తిట్టు. సూపర్ క్యాట్ అనే పేరున్న గాయకుడిలో సగం మన రక్తమే.

ఇంకో సంగతి. ఇక్కడ ఒకే వాద్యపు బాణీ మీద పదిమంది గాయకులు పది పాటలు కడతారు. దాన్ని రిడిమ్ అంటారు. 1985లో జనాన్ని ఊపేసిన ఓ రిడిమ్‌కు మూలం కాసియో చిన్న కీబోర్డులో ముందే నింపి అమ్మిన దరువు, దాన్ని తయారుచేసింది ఓ జపాన్ యువతి. లెంకీ మార్స్‌డెన్ కట్టిన, చప్పట్లతో సాగే ఇంకో రిడిమ్ మీద షాన్ పాల్ పాడిన ‘గెట్ బిజీ’ 2003లో అమెరికాలో నంబర్ వన్. ఆ రిడిమ్ పేరేమిటో తెలుసా? దివాలీ! ఆ రాత్రి అది మోగినప్పుడు పెద్దావిడ గరిటె పట్టుకునే అడుగులేసింది.

పదకొండు దాటాక అందరి చూపూ గడియారం మీదే. 1997లో వచ్చిన శబ్ద నియంత్రణ చట్టం ప్రకారం మామూలు రోజుల్లో అర్ధరాత్రికి, వారాంతాల్లో రెండింటికి స్పీకర్లు ఆపేయాలి. జనం కుదురుకునేదే పదకొండుకు, ఇక అమ్ముకునేదెప్పుడు? డ్రమ్ము నిలువునా కోసి, నిప్పులమీద కోడి కాల్చే ఆయన అడిగింది అదే. ఈ ఊరిని 2015లో యునెస్కో సంగీత నగరాల జాబితాలో చేర్చింది. పోలీసు జీపు మాత్రం పన్నెండుకే వస్తుంది.

నేనేం చెప్పను? మనదగ్గర 2000 నాటి నిబంధనల ప్రకారం రాత్రి పదికే మైకులు ఆపాలి. 2024లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలనే వద్దన్నారు. హమ్మయ్య అనుకున్న వాళ్లలో నేనూ ఉన్నాను. ఇక్కడ గోడ పక్కనే ఓ ఇల్లు. పై గదిలో దీపం వెలుగుతూనే ఉంది. దండెం మీద ఆరేసిన ఖాకీ స్కూలు చొక్కా దరువుకు వణుకుతోంది. ఆ పిల్లాడు పొద్దున్నే బడికి వెళ్లాలి. నిప్పులముందు నిలబడ్డాయనకూ బడికి వెళ్లే పిల్లలున్నారట.

పన్నెండుకు అయిదు నిమిషాల ముందు గేటు దగ్గర నీలం దీపం తిరిగింది. పాట సగంలో ఆగింది. అంతసేపు అరిచి మాట్లాడుకున్న వాళ్లం కాబట్టి, ఆగాక కూడా కాసేపు అందరం అరుస్తూనే ఉన్నాం. పెద్దావిడ గిన్నె ఖాళీ, నవ్వుతూ కడుక్కుంటోంది. పక్కన ఆయన నిప్పుల మీద నీళ్లు చల్లి, మిగిలినవి లెక్కపెట్టాడు. పదకొండు ముక్కలు. రెండు నేను కొన్నాను.