పోయిన ప్యాకెట్ల లెక్క

జూన్ 9

ఎన్‌ఎస్-3 నెట్‌వర్క్ సిమ్యులేటర్‌లో ఛానెల్‌కి 1 శాతం నష్టం పెట్టి నడిపాం. అందులోని రేట్ ఎర్రర్ మోడల్ ప్రతి ప్యాకెట్‌కీ విడిగా పాచిక వేస్తుంది. ముందు ప్యాకెట్ గతేమైందో తర్వాతిదానికి పట్టదు. గాలిలో జరిగేది ఇది కాదని నా పట్టు. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు 12.5 సెంటీమీటర్లు. గోడలకీ బీరువాలకీ తగిలి వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడితే, కొద్ది సెంటీమీటర్ల అవతల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. సిగ్నల్ పడిపోయిందంటే ఆ కాసేపట్లో పంపినవన్నీ వరసగా పోవాల్సిందే.

జూన్ 11

ఎం.టెక్ అమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వరండా చివర లిఫ్ట్ దాకా నడిచింది. ప్యాకెట్లకి వరస నంబర్లు వేసి పంపాం. 4117 దాకా అన్నీ అందాయి. 4118 నుంచి 4129 వరకు ఒక్కటీ లేదు. 4130 నుంచి మళ్ళీ మామూలే. ఆ పన్నెండు నంబర్ల ఖాళీని ఎంతసేపు చూశానో!

జూన్ 12

బెల్ ల్యాబ్స్‌లో గిల్బర్ట్ 1960లోనే తప్పులిలా గుంపుగా రావడాన్ని పట్టుకున్నాడు. ఛానెల్‌కి రెండే స్థితులు: మంచి, చెడు. మంచిలో తప్పుల్లేవు. 1963లో ఇలియట్ మంచి స్థితిలోనూ కొన్ని తప్పులకి చోటిచ్చాడు. ఇంత చిన్న మోడల్ ఇప్పటికీ పనికొస్తోందంటే నాకు నిజంగా గౌరవం. మంచి నుంచి చెడుకి 0.001, చెడు నుంచి మంచికి 0.1 సంభావ్యత ఇచ్చి, చెడులో అన్నీ పోతాయనుకున్నాం. సగటు నష్టం దాదాపు 1 శాతమే, కానీ పోయినప్పుడు సగటున పదేసి పోతాయి.

జూన్ 15

"సార్, సగటు ఒకటే కదా, కొత్త మోడల్‌తో గ్రాఫ్ ఇంత మారిందేంటి?" అని ఆ అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. విడివిడిగా పోతే టీసీపీ నష్టాన్ని రద్దీ అనుకుని అస్తమానం విండోని బాగా తగ్గించుకుంటుంది. గుంపుగా పోతే చాలాసేపు హాయిగా పెరిగి, విండో మొత్తం పోయినచోట టైమవుట్‌లో పడుతుంది. మా సిమ్యులేషన్‌లో అక్కడ కనీసం ఒక సెకను వృథా. ఫోన్ మాటలైతే ఇంకా దారుణం. 20 మిల్లీసెకన్ల ప్యాకెట్ ఒకటి పోతే కోడెక్ కప్పేస్తుంది. వరసగా పది పోతే అక్షరాలే ఎగిరిపోతాయి.

"1 శాతం నష్టం" అని మాత్రమే రాసి వదిలేసే పేపర్లంటే అందుకే నాకు కోపం. మా పట్టికలో రెండు సంభావ్యతలూ, సగటు గుంపు పొడవూ ఉండాలన్నాను. రేపు యాదృచ్ఛిక సంఖ్యలు మారేలా రన్ నంబర్లు మార్చి మళ్ళీ నడపాలి. ఒక్క రన్ గ్రాఫ్ గీస్తే ఒప్పుకోను.