గదికీ ఓ గొంతుంది!

మీరెప్పుడైనా పట్టుమని పదిమంది లేని మార్నింగ్ షో చూశారా? అదే సినిమాని ఆదివారం ఫస్ట్ షో హౌస్‌ఫుల్ హాల్లో చూశారా? తెర అదే, స్పీకర్లు అవే. కానీ ఖాళీ హాల్లో మాట మీద మాట పడి డైలాగు మసకబారుతుంది. నిండిన హాల్లో అక్షరం అక్షరం విడిగా వినబడుతుంది. ఆ తేడా మెషిన్లో లేదు, మనుషుల్లో వుందని తెలుసుకోవడానికి నాకు ఆరువేల రూపాయలు ఖర్చయింది!

సంగతేమిటంటే, అమ్మ పోయాక, కోనసీమలోని మా పాత పెంకుటిల్లు కురుస్తోందని నేనే పట్టుబట్టి కూల్పించి స్లాబు వేయించాను. నాన్నగారు అడిగింది ఒక్కటే – "రికార్డులు వినడానికో గది వుంచరా" అని. వుంచాను. నున్నటి టైల్సు, అద్దాల కిటికీలు, ఏసీ! గృహప్రవేశం మర్నాడే ఆయన 'మూగ మనసులు' రికార్డు పెట్టారు. గోదావరి మీద తీసి, 1964లో విడుదలైన ఆ సినిమా పాటలంటే ఆయనకి ప్రాణం. సగం పాటలోనే ముల్లు ఎత్తేశారు.

"సుశీలమ్మ నూతిలోంచి పాడుతున్నట్టుందిరా" అన్నారు. ఆ తర్వాత మూడు నెలలు ప్లేయరు ముట్టుకోలేదు.

సినిమా పాటల గురించి రాసి నాలుగు రాళ్ళు సంపాదించుకునే నేను, కన్నతండ్రికే పాట లేకుండా చేశానన్నమాట!

కోడిగుడ్ల అట్టల్లా వుండే నల్లటి ఫోమ్ ముక్కలు తెప్పించి నాలుగు గోడలకీ అంటించాను. నాన్నగారు విని, "ఇప్పుడు నోటికి గుడ్డ కట్టుకుని పాడుతోంది. డోలు మాత్రం ఇంకా బొయ్యిమంటూనే వుంది" అన్నారు. అక్షరాలా నిజం! అంగుళం ఫోమ్ సన్నటి శబ్దాలనే మింగుతుంది. సెకనుకి 100 సార్లు కంపించే లావుపాటి శబ్దం అల పొడవు దాదాపు 11 అడుగులు. దాన్ని అంగుళం ముక్క ఏం ఆపుతుంది? పోనీ, పక్కింటికి వినబడకుండా వుంటుందా అంటే అదీ లేదు. పక్కింటి పిన్నిగారు గోడవతల నుంచే పాట మార్చమన్నారు! పైగా నిప్పంటుకుంటే ఆ ఫోమ్ భగ్గుమంటుందట. అన్నీ పీకేశాను.

అప్పుడే సేబిన్ అనే ఫిజిక్సు మేష్టారి కథ చదివాను. 1895లో అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం కొత్తగా కట్టిన ఓ లెక్చరు హాల్లో మాట అయిదు సెకన్లకు పైగా మోగుతూ ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఈయన రాత్రిళ్ళు దగ్గర్లోని థియేటరు నుంచి కుర్చీల మెత్తలు తెప్పించి, ఎన్ని పరిస్తే మోత ఎంత తగ్గుతుందో లెక్కకట్టాడు. ఆయన కొలమానం ఏమిటో తెలుసా? తెరిచిన కిటికీ! అందులోంచి వెళ్ళిన శబ్దం తిరిగి రాదు కదా. ఒక మనిషి ఎంత శబ్దాన్ని పీల్చుకుంటాడో కూడా కొలిచాడు.

ఇది చెబితే నాన్నగారు నవ్వారు. "పాతింట్లో ఇవన్నీ వుండేవి కదరా!"

నిజమే! గోడవార ధాన్యం బస్తాలు. మంచం మీద బూరుగుదూది పరుపుల దొంతర. కాలవ వైపు ఎప్పుడూ తీసివుండే రెండు కిటికీలు. మూలన చాప మీద బియ్యం ఏరుకుంటూ అమ్మ. అదంతా సామానూ సందడీ అనుకున్నాను. అదే ఆ గది గొంతు!

అంబాజీపేట వెళ్ళి కొబ్బరి పీచు తెచ్చాను. "ఆయ్, ఎంత మందం కావాలండి?" అన్నాడు వడ్రంగి. నాలుగు అంగుళాలన్నాను. నాలుగడుగుల ఎత్తు, రెండడుగుల వెడల్పు చట్రాలు ఆరు చేయించి, పీచు దట్టించి, పైన నేతబట్ట కట్టాం. ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఓ అద్దం చాలు. నాన్నగారు కుర్చీలో కూర్చుంటే నేను గోడ వెంట అద్దం జరిపాను. అందులో ఆయనకి స్పీకరు కనబడిన చోటల్లా ఒక చట్రం, గోడకి రెండంగుళాల ఎడంగా. మిగతావి మూలల్లో. లావు శబ్దాలు పోగుపడేది అక్కడే! పీచు కూడా మండేదే కనుక స్విచ్‌బోర్డుకి దూరంగా వుంచాం. గోడలన్నీ కప్పలేదు, కప్పితే పాటలో జీవం పోతుంది. నేల మీద జంపఖానా, వెనక గోడకి పుస్తకాల బీరువా. అంతే.

ఓ సాయంత్రం ఏసీ ఆపి, కాలవ వైపు కిటికీ తీసి, నాన్నగారు అదే రికార్డు పెట్టారు. ముల్లు చివరిదాకా నడిచింది. ఆయన కళ్ళు తెరిచి, "బాగుంది. మీ అమ్మ కూచునే మూల మాత్రం ఇంకా కాస్త మోగుతోందిరా" అన్నారు.

ఆ మూలకి చట్రం చేయించలేదు. చాప పరిచాను. శనివారాలు ఇంటికెళ్ళినప్పుడు అక్కడ నేను కూర్చుంటున్నాను.