క్యారియర్ మనదే... రైలు అందరిదీ!

'నా లాప్‌టాప్‌లో నడుస్తోంది కదా సార్, మీ దగ్గర ఎందుకు నడవదు?'

2019లో మా కంప్యూటర్ సెంటర్ సార్‌ని నేనడిగిన ప్రశ్న ఇది. అడగడం ఏమిటి, పోట్లాటే! థీసిస్ ఇవ్వడానికి మూడు వారాలే గడువు. వర్షపాతం లెక్కలన్నీ మళ్లీ చేయమన్నారు మా గైడ్. లాప్‌టాప్ మీదైతే నెలలు పడుతుంది. ఎన్నో కంప్యూటర్లను కలిపి కట్టిన క్లస్టర్ మీదైతే రెండ్రోజుల పని. కానీ అక్కడున్నది సెంటాస్ 7. దాని లైబ్రరీలు పాతవి. నా ప్రోగ్రామ్ మొదటి అడుగులోనే ఆగిపోయేది.

'డాకర్ పెట్టండి, చాలు' అన్నాను. ప్రోగ్రామ్‌నీ, దానికి కావలసిన లైబ్రరీలనీ ఒకే డబ్బాలో సర్దుకుని ఎక్కడికైనా పట్టుకెళ్లే పద్ధతి అది. 2013లో వచ్చింది. సార్ ససేమిరా అన్నారు. 'దాన్ని వెనకుండి నడిపించేది రూట్, అంటే సర్వాధికారి. నీకు డాకర్ ఇస్తే మెషీన్ తాళాలన్నీ ఇచ్చినట్టే. పక్కవాళ్ల ఫైళ్లు చదవొచ్చు, పొరపాటున చెరిపేయనూ వచ్చు. వాళ్లవీ థీసిస్‌లే కదమ్మా!'

ఆ రాత్రి ఫోన్లో అమ్మ దగ్గర ఏడ్చేశాను. అంతా విని, 'రైల్లో మన క్యారియర్ మనం పట్టుకెళ్తాం. ప్యాంట్రీ కారు తాళం ఇమ్మని అడుగుతామటే?' అంది. అమ్మకు కంప్యూటర్ ఆన్ చేయడం కూడా రాదు.

మర్నాడు సారే పిలిచి సింగ్యులారిటీ చూపించారు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ లాబ్‌లో 2015లో గ్రెగరీ కర్ట్‌జర్ మొదలుపెట్టిందట. డబ్బా మొత్తం ఒకే ఫైలు. లోపలికెళ్లినా నేను నేనే. బయట లేని అధికారం లోపలా రాదు. కాకపోతే స్లర్మ్ అనే క్యూలో అందరిలాగే మన వంతు కోసం ఆగాలి.

ఫలితాలొచ్చాయి. లాప్‌టాప్‌లో చేసిన చిన్న పరీక్షతో పోల్చి చూస్తే పొంతనే లేదు. గుండె జారిపోయింది. రాత్రంతా వెతికితే అసలు సంగతి తెలిసింది. డబ్బా తెరవగానే నా హోమ్ ఫోల్డర్ కూడా దానంతటదే లోపలికి వచ్చేస్తోంది. అందులో నేనెప్పుడో వేసుకున్న పాత పైథాన్ లైబ్రరీ, డబ్బాలోని కొత్తదాన్ని పక్కకు నెట్టి కూర్చుంది. తప్పు క్లస్టర్‌ది కాదు, సార్‌ది అంతకన్నా కాదు. కొత్త క్యారియర్లో కలిసిపోయిన మా ఇంటి పాత పచ్చడిది!

హోమ్ ఫోల్డర్ రాకుండా ఆపి మళ్లీ నడిపాను. ఈసారి అంకెలు కలిశాయి. గడువుకి నాలుగు రోజుల ముందే థీసిస్ ఇచ్చాను. ఆ మధ్యాహ్నమే స్వీట్ బాక్సుతో వెళ్లి సార్‌కి సారీ చెప్పాను.

2021లో ఆ సింగ్యులారిటీ లైనక్స్ ఫౌండేషన్‌లో చేరి, ఆప్టెయినర్ అని పేరు మార్చుకుంది. ఇప్పుడు మా డిపార్ట్‌మెంట్ పిల్లలకు డబ్బా సర్దుకోవడం నేనే నేర్పుతున్నాను. ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు 'రూట్ ఇప్పించండి మేడమ్, ఐదు నిమిషాలే' అంటారు.

వాళ్లకి అమ్మ చెప్పిన రైలు కథ చెబుతాను.