అమ్మీ సవాల్

బిట్‌కాయిన్ మీద ఎన్నో ఖబర్లు రాశాను. లోపలేముందో చూడాలన్న షౌక్‌తో ఒక బిటాక్స్ తెప్పించాను. అరచేతిలో ఇమిడే డబ్బా: ఒక చిప్పు, ఒక ఫ్యాను, బుల్లి తెర. సెకనుకు లక్ష కోట్లకు పైగా అందాజాలు వేస్తుంది. తాళానికి ఒక్కో చెవీ పెట్టి తిప్పి చూడటమే, అంతకుమించి అకల్ ఏమీ లేదు. దాదాపు 10 నిమిషాలకోసారి దునియాలో ఎవరిదో తాళం తెరుచుకుంటుంది. 2024 ఏప్రిల్ నుంచి ఇనాం 3.125 బిట్‌కాయిన్లు. నా వంతు రావాలంటే సగటున వేల ఏళ్లు; మా ఖాందాన్‌లో అంత ఉమర్ ఎవరికీ లేదు. కరెంటు మాత్రం నెలకు 10-12 యూనిట్లే.

“బేటా, ఏ జువా తో నై?” తస్బీ ఆపి అడిగింది అమ్మీ.

ఆ ఖటకా నాకూ ఉన్నదే. “పందెం కాదమ్మీ. లెక్కల బహీని ఎవరూ తిరగరాయకుండా పహరా. ఆ మెహనత్‌కే ఇనాం” అన్నాను.

“మెహనత్ మిషన్‌ది కదా. ఇనాం నీకెట్లా?”

జవాబు దొరకలేదు. వచ్చినా, అమ్ముకుంటే లాభంలో 30 శాతం సర్కారు తీసుకుంటుందన్నాను. సర్కారే హిస్సా అడుగుతుందంటే జాయజే అయివుంటుందిలే అని అమ్మీ మళ్లీ తస్బీ అందుకుంది.

లాటరీ మీదా అదే 30 శాతమని నేను చెప్పలేదు.