అమ్మ రాలేదు... బొమ్మ వచ్చింది

నెల్లూరు తీరంలో తుపాను కబురు రాగానే జనం చేతికందింది సర్దుకుంటారు. రేషన్‌కార్డు, పాస్‌పుస్తకం, నాలుగు జతల బట్టలు. గాలి తగ్గాక తిరిగొచ్చేస్తామన్న ధీమా ఉంటుంది. 1937 డిసెంబరులో బెర్లిన్‌ వదిలిన లోటె లేజర్‌స్టైన్‌కి ఆ ధీమాకి చోటే లేదు. ఆమె వెంట తీసుకెళ్లింది... తన బొమ్మల్ని!

బెర్లిన్‌ కళా అకాడమీ ఆడపిల్లలకు తలుపులు తెరిచిన కొత్తల్లోనే అక్కడ చేరి, 1927లో చదువు ముగించింది లోటె. సొంత స్టూడియో, శిష్యులు, పేరు... అన్నీ వచ్చాయి. 1933లో హిట్లర్‌ కూడా వచ్చాడు. యూదు రక్తం లెక్కగట్టి ఆమెను ప్రదర్శనలకు దూరం చేశారు.

స్టాక్‌హోమ్‌ గ్యాలరీ ఒకటి ప్రదర్శనకు పిలవడంతో స్వీడన్‌ చేరింది. 1938లో స్వెన్‌ మార్కస్‌తో పెళ్లి... కాపురం కోసం కాదు, పౌరసత్వం కోసం. తల్లి మేటానూ రప్పించాలని తాపత్రయపడింది. కుదరలేదు. 1943లో రావెన్స్‌బ్రూక్‌ నిర్బంధ శిబిరంలో మేటా చనిపోయింది. చెల్లెలు కేటా బెర్లిన్‌లోనే దాక్కుని బతికి బయటపడింది.

కూటి కోసం లోటె అడిగినవాళ్లకల్లా రూపచిత్రాలు వేసింది. 1930లో గీసిన 'పోట్స్‌డామ్‌పై సాయంత్రం' మాత్రం ఏళ్లతరబడి తన దగ్గరే ఉంచుకుంది. మిద్దెమీద బల్ల చుట్టూ అయిదుగురు స్నేహితులు. ఒక్కరి ముఖంలోనూ నవ్వుండదు. రాబోయేది ముందే తెలిసినట్టు!

1987లో లండన్‌ ప్రదర్శనతో లోకం ఆమెను మళ్లీ గుర్తించింది. 1993లో స్వీడన్‌ తీరపట్టణం కాల్మార్‌లో, 94 ఏళ్ల వయసులో కన్నుమూసింది. 2010లో ఆ బొమ్మను బెర్లిన్‌ జాతీయ గ్యాలరీ కొనుక్కుంది. పొమ్మన్న ఊరే డబ్బిచ్చి మరీ తెచ్చుకుంది... కాకపోతే, బొమ్మని మాత్రమే!