గూఢచారిణి నివేదిక

పింగళి సూరన ‘ప్రభావతీ ప్రద్యుమ్నము’లో వజ్రనాభుని సంహరింపవచ్చిన ప్రద్యుమ్నుడు నటవేషంతో వజ్రపురం చేరి, ఆ దానవుని కూతురికే మనసిస్తాడు. ఆ కథ పిల్లలకు చెప్పినప్పుడల్లా లోలోపల నవ్వుకునేదాన్ని. ఒకప్పుడు నాదీ అదే అవస్థ మరి!

1984లో నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, నా స్నేహితురాలికి మా బడి లెక్కల మాస్టారి సంబంధం వచ్చింది. “రోజూ చూస్తుంటావు గదా, అబ్బాయి గుణగణాలు కాస్త కనిపెట్టి చెప్పమ్మా” అన్నారు వాళ్ళ నాన్నగారు.

చుట్ట, బీడీ, పేకాట ఏవీ కనబడలేదు. ఒకటో తారీఖున మాత్రం మాస్టారు తపాలా కార్యాలయానికి పోయేవారు. ఇన్‌లాండు కవరు కొనే నెపంతో నేనూ వెనుకనే పోయి చూతును గదా, సగం జీతం చెల్లెలి చదువుకు మనియార్డరు! మూడో నెల ఆయనే వెనుదిరిగి, “మీరు ప్రతి ఒకటో తారీఖునే ఉత్తరం రాస్తారేమండీ?” అన్నారు. నా వేషం అక్కడితో సరి. మనసు అంతకు ముందే జారిపోయింది.

నివేదికలో రెండే వాక్యాలు రాశాను: “దురలవాట్లు లేవు. సగం జీతం చెల్లెలికి పోతుంది.” రెండో వాక్యం చూసి వాళ్ళు వెనుకంజ వేశారు. అందులో అసత్యం లేదు. అయితే ఆ వాక్యం రాసేటప్పుడు నా కలానికి అంత హుషారు ఎందుకు వచ్చిందో నాకు తెలుసు.

మరుసటి ఏడు మా పెళ్ళిలో అక్షింతలు వేస్తూ నా స్నేహితురాలు, “నివేదిక బాగా రాశావే!” అంది చెవిలో. అది మెచ్చుకోలో, ఎత్తిపొడుపో, ఈ నలభై ఏళ్ళలో ఆ ఒక్క ఆచూకీ మాత్రం తీయలేకపోయాను.