డేటా భద్రం, సర్వరు మాత్రం లేవదు!

సర్వరులో రెండు డిస్కులు పెట్టి సాఫ్టువేర్ రెయిడ్ చేయించాం, ఇక ఒకటి పోయినా భయంలేదు అని నిశ్చింతగా ఉండేవాళ్ళు మా వైపు చాలామందే ఉన్నారు. హిందూపురం చింతపండు మండీలు కానివ్వండి, ధర్మవరం పట్టుచీరల షాపులు కానివ్వండి, చిన్న వ్యాపారానికి ఖరీదైన రెయిడ్ కార్డు దండగనిపిస్తుంది. లినక్సు ఉచితం, ఎండీ రెయిడ్ అందులోనే ఉంటుంది, ఇంకో డిస్కు కొంటే చాలు. మంచి పద్ధతే, నేనూ అదే వాడతాను. కానీ ఈ భరోసాలో సగమే నిజం. రెయిడ్ కాపాడేది డేటాని. సర్వరు మళ్ళీ లేస్తుందని అది మాటివ్వదు.

ఎందుకంటే, మీట నొక్కగానే లేచేది లినక్సు కాదు, మదర్‌బోర్డులో ఉండే బయాస్. దానికి ఎండీ రెయిడ్ సంగతి తెలీదు. ఒక డిస్కు ఎంచుకుని, అందులో మొదటి 512 బైట్లు చదివి, అక్కడున్న గ్రబ్ ముక్కకి పగ్గాలు అప్పజెప్తుంది. ఆ 512 బైట్లు ఏ పార్టిషన్లోనూ ఉండవు. మనం సాధారణంగా మిర్రర్ చేసేదేమో పార్టిషన్లని! అంచేత గ్రబ్‌ని మొదటి డిస్కులో మాత్రమే పెట్టి వదిలేస్తే, రెండో డిస్కులో డేటా మొత్తం ఉన్నా దాన్ని లేపే దిక్కుండదు. ఒకేరకం చీరలు రెండు బీరువాల్లో సర్ది, తాళంచెవి ఒక్కదానికే చేయించుకున్నట్టు.

ఆమధ్య ధర్మవరంలో తెలిసినవాళ్ళ షాపులో సరిగ్గా ఇదే జరిగింది. శ్రావణమాసం, బేరాలు జోరుమీదున్నాయి. కరెంటు పోయి వచ్చింది, సర్వరు లేవలేదు. నల్లటి స్క్రీను మీద కర్సరొకటి మిణుకుమిణుకుమంటోంది, అంతే. బిగించి ఇచ్చినాయన వచ్చి చూసి, "డేటా మొత్తం పోయింది సార్, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సిందే" అని తేల్చేశాడు. ఏ మగ్గానికి ఎంత పట్టు, ఎంత జరీ ఇచ్చారు, ఎవరికి ఎన్ని చీరల కూలి రావాలి... అన్నీ అందులోనే. షాపాయన నష్టం సరే, కూలి కోసం వచ్చిన నేతగాళ్ళు రెండ్రోజులు "లెక్క తేలనీ అన్నా" అనిపించుకుని ఉత్తచేతుల్తో తిరిగెళ్ళారు. తీరా పెన్‌డ్రైవ్ నుంచి లినక్సు లేపి చూస్తే, రెండో డిస్కులో అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. దానిమీద గ్రబ్ ఎక్కించడానికి పట్టింది పావుగంట! ఆయన మాట విని కొత్తగా ఇన్‌స్టాల్ చేసుంటే మాత్రం డేటా నిజంగానే పోయేది.

అదే రైలు లైన్లో, ధర్మవరానికీ హిందూపురానికీ మధ్య పెనుకొండ వస్తుంది. 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడాక తిరుమలరాయలు సదాశివరాయల్ని, ఖజానాని వెంటబెట్టుకుని విజయనగరం వదిలి అక్కడికే చేరాడు. ఖజానా ఏనుగుల మీద ఎక్కడికైనా పోతుంది. కానీ పెనుకొండలో కోట అప్పటికే సిద్ధంగా ఉంది, అందుకే రాజ్యం అక్కణ్ణుంచి మళ్ళీ నడిచింది. రెండో డిస్కూ అలా ముందే సిద్ధంగా ఉండాలి.

సరే, చేయాల్సిన పనులకొద్దాం. పాత బయాస్ మిషనైతే గ్రబ్‌ని రెండు డిస్కుల్లోనూ ఇన్‌స్టాల్ చేయాలి. యూఈఎఫ్ఐ మిషనైతే 512 బైట్ల గొడవ లేదుగానీ, ఈఎస్‌పీ అనే చిన్న ఫ్యాట్ పార్టిషన్ ఉంటుంది. రెండు డిస్కుల్లోనూ ఒక్కో ఈఎస్‌పీ పెట్టి, రెంటిలో గ్రబ్ ఉంచి, రెండోదానికీ బూట్ ఎంట్రీ రాయాలి. ఉబుంటు 20.04 నుంచీ మనం ఎంచుకుంటే గ్రబ్ ప్యాకేజీయే రెండు ఈఎస్‌పీల్లోనూ రాస్తుంది. ఎఫ్‌స్టాబ్‌లో ఈఎస్‌పీకి నోఫెయిల్ అని తప్పకుండా చేర్చండి. లేకపోతే సిస్టమ్‌డీ పోయిన డిస్కు కోసం 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో కూలబడుతుంది. స్వాప్ కూడా రెయిడ్ మీదే ఉండాలి.

ఇకపోతే, డిస్కు మార్చినప్పుడు జరిగేదొకటుంది. కొత్త డిస్కుని రెయిడ్‌లో కలిపి, సింక్ పూర్తవగానే చేతులు దులుపుకుంటారు. ఆ కొత్త డిస్కులో గ్రబ్ ఉండదు! మళ్ళీ ఎక్కించాలి. లేకపోతే ఈసారి పాతది పోయినరోజున కథ మొదటికొస్తుంది.

ఇవన్నీ చేశాక పరీక్ష పెట్టాలి. బేరాల్లేని రోజు చూసి, బ్యాకప్ తీసుకుని (రెయిడ్ ఎప్పుడూ బ్యాకప్ కాదు, పొరపాటున చెరిపేసిన ఫైలుని అది రెండు డిస్కుల్లోనూ చెరిపేస్తుంది), సర్వరు ఆపి మొదటి డిస్కు తీసేసి లేపండి. లేచిందా? డిస్కు తిరిగి పెట్టి, రెయిడ్‌లో కలిపి, సింక్ పూర్తయ్యేదాకా ఆగండి. ఆ తర్వాతే రెండోది తీసి చూడండి. ఆగకుండా ఒకసారి ఇది, ఒకసారి అది పెట్టి లేపితే రెండు డిస్కుల్లో రెండు వేర్వేరు లెక్కలు తయారవుతాయి, ఏది అసలో తేల్చడం మహా కష్టం.

కొత్త సర్వరు కొనేవాళ్ళు ఇదే పరీక్ష డబ్బులిచ్చేముందు బిగించినవాళ్ళ చేత చేయించండి. ఒక డిస్కు తీసేసి లేపి చూపించమనండి. నసిగితే, లేచేదాకా డబ్బులివ్వకండి :)